రంగు చూస్తున్నాం, గుల్లను చూస్తున్నామా?

1997 సెప్టెంబరు. కేరళలో తిరువనంతపురానికి దక్షిణంగా ఉన్న విళింజం రేవు. సముద్రపు రాళ్ళను కరుచుకుని పెరిగే గోధుమరంగు ఆల్చిప్పలు అక్కడి మత్స్యకారులకు అలవాటైన తిండి. వాటిని చిప్పి అంటారు. ఆ నెలలో చిప్పల కూర తిన్నవాళ్ళలో 500 మందికి పైగా ఆస్పత్రుల్లో చేరారు. ఏడుగురు చనిపోయారు. ఆ కూర పాసిపోయింది కాదు. ఆ చిప్పలు అంతకుముందు కొన్నాళ్ళుగా వడగట్టుకుని తింటున్న నీటిలో కంటికి ఆనని ఒక రకం ఆల్గే పెరిగింది. దాని విషం చిప్పల కండలో పోగుపడింది. ఆ విషానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు.

దాని పేరు సాక్సిటాక్సిన్. నరాల పొరల్లో సోడియం అయాన్లు లోపలికి వెళ్ళే సన్నటి దారులు ఉంటాయి. ఈ విషం వెళ్ళి ఆ దారులకు బిరడా కొట్టేస్తుంది. నరం ఇక కబురు పంపలేదు. ముందు పెదాల చుట్టూ చిమచిమ మొదలవుతుంది. తర్వాత వేళ్ళ కొసలు మొద్దుబారతాయి, మాట తడబడుతుంది, కాళ్ళు పట్టు తప్పుతాయి. మోతాదు ఎక్కువైతే ఊపిరి తీయించే కండరాలే ఆగిపోతాయి. విరుగుడు మందు లేదు. వెంటిలేటరు మీద పెట్టి మొదటి పగలూ రాత్రీ గట్టెక్కించగలిగితే మనిషి చాలావరకు కోలుకుంటాడు. ఎంత ఉడికించినా ఈ విషం విరగదు. కొంత పులుసులోకి దిగుతుంది, ఆ పులుసునూ మనం అన్నంలో కలుపుకుంటాం.

విళింజం మొదటిది కూడా కాదు. 1981లో తమిళనాడులో గుల్లలు తిని ముగ్గురు చనిపోయారు, 85 మంది ఆస్పత్రి పాలయ్యారు. 1983లో మంగళూరు దగ్గర కుంబళలో ఒక పిల్లవాడు చనిపోయాడు. ఈ పాతిక, ముప్పయ్యేళ్ళలో సముద్రాన్ని చూసే మన చూపు బాగా పదునెక్కింది. హైదరాబాదులో ఉన్న ఇన్‌కాయిస్, అంటే జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం, హిందూ మహాసముద్రపు ఉత్తర భాగమంతటా ఎక్కడ ఆల్గే పెరుగుతోందో ఉపగ్రహ చిత్రాలతో రోజూ చెబుతోంది. అది మన ఊళ్ళో, మనవాళ్ళు ఎంతోమంది పనిచేసే చోట జరుగుతున్న పని కాబట్టి గర్వంగానే ఉంటుంది. అయితే విళింజంలో ప్రాణాలు తీసింది గిన్నెలోని చిప్ప. సముద్రం రంగు నుంచి ఆ గిన్నె దాకా ఉన్న దారి పొడవునా కాపలా ఉన్నప్పుడే ప్రజారోగ్యం గురించి ధీమాగా మాట్లాడగలం. ఆ దారిలో ఇతర దేశాలు ఎలా నడిచాయో, మనం ఎక్కడ ఆగామో ఒకసారి చూసుకోవాలి.

గోదావరి జిల్లాల రొయ్యల రైతుకి ఈ సంగతిలో సగం ఎవరూ చెప్పక్కర్లేదు. చెరువు నీళ్ళు లేత పచ్చగా ఉంటే ప్లాంక్టన్ బాగుందంటాడు. ముదురు పచ్చగా మారి, మబ్బు పట్టిన మర్నాడు ప్లాంక్టన్ ఒక్కసారిగా పడిపోతే తెల్లవారుజామున ఏరియేటర్ల దగ్గరికి పరుగెత్తుతాడు. చచ్చిన ప్లాంక్టన్ కుళ్ళుతూ నీటిలోని ఆక్సిజన్ లాగేస్తుంది, రొయ్యలు పైకి తేలతాయి. సముద్రంలో జరిగేదీ అదే, కాకపోతే అక్కడ ఏరియేటర్లు లేవు. ఎండ, పోషకాలు, నీటి కదలిక కలిసొచ్చిన చోట ఒక జాతి ఆల్గే మిగతావాటిని తోసేసి కోట్లకు కోట్లుగా పెరుగుతుంది. దీన్నే ఆల్గల్ బ్లూమ్ అంటున్నారు. రంగును బట్టి ఎర్ర నీరు, పచ్చ నీరు అని కూడా అంటారు. సముద్రంలో ఇలాంటివి ఎక్కువ భాగం మేలు చేసేవే. చేపల తిండి అక్కడే మొదలవుతుంది.

హాని చేసేవి వేరు వేరు దారుల్లో చేస్తాయి. రాత్రిపూట అలల్లో నీలంగా మెరిసే నాక్టిల్యూకా అనే సూక్ష్మజీవికి మనిషిని చంపే విషం లేదు. ఒక్కచోట గుంపు కట్టి, చచ్చి, అమ్మోనియా వదిలి, ఆక్సిజన్ తోడేసి చేపల్నీ పగడాల్నీ చంపుతుంది. 2008లోనూ 2019లోనూ మన్నార్ సింధుశాఖలో అదే జరిగింది. 2019 ఆగస్టులో చెన్నై తీరంలో జనం రాత్రుళ్ళు గుంపులుగా వెళ్ళి ఫోటోలు తీసుకున్న నీలి వెలుగు కూడా దానిదే. ఇక మన విశాఖ తీరంలో నీటి రంగు మారిన సంగతిని శాస్త్రవేత్త డి.వి. సుబ్బారావు 1969లో అంతర్జాతీయ పత్రికలో రాశారు. వాల్తేరు దగ్గర ఆస్టెరియొనెల్లా అనే డయాటం రకపు ఆల్గే విపరీతంగా పెరిగి నీటి రంగు మార్చేసిందని అందులో ఉంది. ఆ డయాటమే తరచూ ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర కూడా పెరుగుతుంది. అది నిరపాయమైనది. అంటే రంగు భయపెట్టిన చోట ప్రమాదం లేకపోవచ్చు. విళింజం లాంటి చోట రంగు చూసి ఎవరికీ అనుమానం రాకపోవచ్చు. ఈ ఒక్క మెలిక వల్లే పర్యవేక్షణ పని ఇంత కష్టమైంది.

ఈ మెలికను అంకెల్లో బాగా చూపించింది అమెరికాలోని ఫ్లోరిడా. అక్కడి ఎర్ర నీటికి కారణం కరేనియా బ్రెవిస్ అనే ఆల్గే. లీటరు నీటిలో దాని కణాలు 5,000 చేరగానే ఆ ప్రాంతంలో ఆల్చిప్పలు తీయడం ఆపేస్తారు. 10,000 దాటితే ఒడ్డున ఉన్నవాళ్ళకు గొంతులో మంట, దగ్గు రావచ్చు. లక్ష దాటితే చేపలు చావడం మొదలవుతుంది. ఉపగ్రహం దాన్ని నమ్మకంగా పట్టుకోవాలంటే కణాలు ఆ లక్ష దరిదాపుల్లోకి రావాలి. అంటే ఉపగ్రహం చూసి చెప్పేసరికి గుల్ల ఎప్పుడో తినకూడనిదైపోయి ఉంటుంది. డైనోఫైసిస్ అనే మరో ఆల్గే ఉంది. అతిసారం తెచ్చే విషం దానిది. లీటరుకి కొన్ని వందల కణాలున్నా చిప్పల్ని పాడుచేస్తుంది. అంత పలచగా ఉన్నప్పుడు నీరు అద్దంలా ఉంటుంది, ఏ ఉపగ్రహానికీ అందదు.

మన తీరంలో ఇంకో రెండు చిక్కులు. పశ్చిమ తీరంలో అడుగు నీరు పైకి ఉబికి, పోషకాలు తెచ్చి, ఆల్గే విరివిగా పెరిగేది నైరుతి రుతుపవనాల కాలంలో. సరిగ్గా ఆ నెలల్లోనే ఆకాశమంతా మబ్బు. సముద్రపు రంగు చూసే ఉపగ్రహానికి మబ్బు కింద ఏముందో కనిపించదు. తూర్పు తీరంలో గోదావరి, కృష్ణ, మహానది వరద మోసుకొచ్చే ఒండ్రు ఉంది. ఆ ఎర్రమట్టి నీళ్ళను, నదులు తెచ్చే కుళ్ళిన ఆకుల రంగును ఉపగ్రహపు లెక్క ఆల్గేలోని పత్రహరితమని పొరబడే అవకాశం ఎక్కువ. ఒడ్డుకి దూరంగా నీలి సముద్రంలో బాగా పనిచేసే సూత్రాలు యానాం మొగ దగ్గర తడబడతాయి. గుల్లలు ఉండేదేమో ఒడ్డు పొంటనే.

ఇలా అన్నానని ఉపగ్రహాల పనిని తక్కువ చేస్తున్నట్టు కాదు. 2022 నవంబరు 26న శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఓషన్‌శాట్-3 సముద్రపు రంగును 13 కాంతి పట్టీల్లో చూస్తుంది. ఇన్‌కాయిస్ మొదలుపెట్టిన ఆల్గల్ బ్లూమ్ సమాచార సేవ ఉపరితల ఉష్ణోగ్రతను, పత్రహరితం మామూలు కంటే ఎంత పెరిగిందన్నదాన్ని, ఏ తరగతి ప్లాంక్టన్ ఉందన్నదాన్ని రోజువారీ పటాలుగా ఇస్తోంది. అరేబియా సముద్రపు ఈశాన్య భాగం, కేరళ తీరం, మన్నార్ సింధుశాఖ, గోపాల్‌పూర్ తీరం అనే నాలుగు చోట్లను తరచూ ఇలా జరిగే ప్రాంతాలుగా గుర్తించింది. కొచ్చి, విశాఖ తీరాల్లో నీటి నాణ్యత కొలిచే తేలే యంత్రాలను లంగరు వేసి నిలిపింది. మబ్బు పట్టినా అవి కొలుస్తూనే ఉంటాయి. కొచ్చిలోని సముద్ర జీవవనరుల కేంద్రం ఓడల మీద వెళ్ళి ఏళ్ళ తరబడి నమూనాలు తెచ్చింది. అరేబియా సముద్రంలో చలికాలంలో పరుచుకునే ఆకుపచ్చ నాక్టిల్యూకా గురించి ప్రపంచానికి తెలిసినదాంట్లో మన శాస్త్రవేత్తల కష్టం చాలా ఉంది. ఇదంతా పునాది. గోడలు ఇంకా లేవాలి.

నీటిలో ఏ జాతి ఉందో చెప్పాలంటే చివరికి ఎవరో ఒకరు సీసాతో నీళ్ళు తెచ్చి చూడాల్సిందే. పని చూడటానికి సాదాగా ఉంటుంది. పడవ అంచు నుంచి ముంచిన సీసాలో కొన్ని చుక్కల అయోడిన్ ద్రావణం వేస్తారు. నీళ్ళు పలచటి డికాక్షన్ రంగుకి తిరుగుతాయి, కణాలు ఉన్నవి ఉన్నట్టు బిగుసుకుంటాయి. సీసాను రాత్రంతా కదపకుండా ఉంచితే అవి అడుగుకి దిగుతాయి. పై నీరు మెల్లగా తీసేసి, అడుగున మిగిలిన చిక్కటి నీటిలోంచి ఒక్క మిల్లీలీటరును గళ్ళు గీసిన గాజు పలక మీద పరిచి, సూక్ష్మదర్శిని కింద గడి గడి లెక్కపెట్టాలి. ఒక గడిలో డయాటం ముక్కలు, ఒక గడిలో ఇసుక రేణువు, మరో గడిలో నడుం చుట్టూ గాడి ఉన్న గుండ్రటి కణం. ఆ గుండ్రటిది సాక్సిటాక్సిన్ చేసే అలెగ్జాండ్రియమా కాదా అన్నది దాని పొట్ట మీది పలకల అమరికను బట్టి తేలుతుంది. ఇలా చూడగలిగే కళ్ళు తయారు కావడానికి ఏళ్ళు పడుతుంది. ఆ కళ్ళున్నవాళ్ళు ఉద్యోగ విరమణ చేస్తుంటే వాళ్ళ చోటు ఖాళీగా ఉండిపోవడం ఈ రంగంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టే విషయం.

ఆ కళ్ళకు తోడుగా యంత్రం వచ్చింది. అమెరికాలోని వుడ్స్ హోల్ సంస్థలో రాబ్ ఓల్సన్, హైడీ సోసిక్ రూపొందించిన పరికరం నీటిలోనే ఉండి, తన గుండా సాగే ప్రతి కణాన్నీ ఫోటో తీస్తుంది. దాన్ని టెక్సస్ తీరంలో పోర్ట్ అరన్సస్ దగ్గర అమర్చారు. 2008 ఫిబ్రవరిలో లిసా క్యాంప్‌బెల్ బృందం ఆ ఫోటోల్లో డైనోఫైసిస్ రోజురోజుకీ పెరగడం గమనించింది. ఆ తీరంలో అంతకుముందు దానితో ఎవరికీ పని పడలేదు. మరికొద్ది రోజుల్లో అక్కడ ఆల్చిప్పల పండుగ, వేలమంది వచ్చి తింటారు. అధికారులు గుల్లలను పరీక్షించి, విషం ఉందని తేల్చి, తీయడం ఆపేసి, అప్పటికే బజారుకు చేరిన సరుకును వెనక్కి రప్పించారు. ఒక్కరు కూడా జబ్బు పడినట్టు నమోదు కాలేదు. నాకు ఈ కథలో యంత్రం కంటే ఎక్కువ నచ్చింది దాని తర్వాతి భాగం. ఫోటో చూసిన శాస్త్రవేత్తకు ఎవరికి ఫోను చేయాలో తెలుసు. ఫోను ఎత్తినవాళ్ళకు గుల్లను ఎక్కడ పరీక్షించాలో, ఏ చట్టం కింద అమ్మకం ఆపాలో తెలుసు.

ఆ ఏర్పాటు ఎవరికీ ఊరికే రాలేదు. 1793 జూన్‌లో కెప్టెన్ వాంకూవర్ ఓడ కెనడా పడమటి తీరంలో ఆగినప్పుడు పొద్దున్నే ఆల్చిప్పలు తిన్న నావికుల్లో జాన్ కార్టర్ చనిపోయాడు. ఆ చోటుకి విషపు మొగ అని పేరు పెట్టి వాంకూవర్ ముందుకు సాగిపోయాడు. 1927లో సాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల 102 మంది జబ్బుపడి ఆరుగురు చనిపోతే గానీ శాస్త్రం కదలలేదు. సోమర్, మేయర్ అనే ఇద్దరు పదేళ్ళు కష్టపడి 1937లో ఎలుకతో చేసే పరీక్ష ఇచ్చారు. గుల్ల సారాన్ని 20 గ్రాముల ఎలుకకు ఎక్కించి అది ఎంతసేపట్లో చనిపోయిందో కొలవడం. మొరటు పద్ధతే, కానీ దశాబ్దాల తరబడి ప్రపంచం దాని మీదే నడిచింది. కాలిఫోర్నియాలో మే 1 నుంచి అక్టోబరు 31 దాకా జనం సొంతానికి ఆల్చిప్పలు తీయకూడదన్న కట్టుబాటు ఇప్పటికీ ఏటా అమలవుతుంది. ఇప్పుడు చాలా దేశాల్లో ఎలుకల స్థానంలో రసాయన విశ్లేషణ యంత్రాలు వచ్చాయి. గుల్ల మాంసం కిలోకి సాక్సిటాక్సిన్ 800 మైక్రోగ్రాములు దాటకూడదన్న హద్దు మాత్రం దాదాపు అన్నిచోట్లా ఒకటే. మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధనల్లోనూ ఆ హద్దు ఉంది.

కెనడాకు 1987లో మరో పాఠం అందింది. ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవిలో పెంచిన ఆల్చిప్పలు తిని 100 మందికి పైగా జబ్బుపడ్డారు, ముగ్గురు చనిపోయారు. బతికినవాళ్ళలో కొందరికి కొత్త సంగతులు గుర్తుపెట్టుకునే శక్తి పోయింది. ఉదయం ఏం తిన్నారో సాయంత్రానికి గుర్తుండదు. తెలిసిన విషాలన్నీ వెతికినా ఏదీ దొరకలేదు. హాలిఫాక్స్‌లోని ప్రయోగశాల రాత్రింబవళ్ళు పనిచేసి నాలుగైదు రోజుల్లో డొమోయిక్ ఆమ్లాన్ని పట్టుకుంది. దాన్ని తయారుచేసింది ఒక డయాటం. డయాటంలు విషం చేయవని అప్పటిదాకా అందరూ నమ్మేవారు. 1991లో కాలిఫోర్నియాలోని మాంటెరే అఖాతంలో నెత్తళ్ళను తిన్న పెలికన్లు, నీటికాకులు గుంపులుగా చచ్చిపోయినప్పుడు నెత్తళ్ళ పొట్టలో ఇదే ఆమ్లం దొరికింది. చేపను కోసి, పేగులు, మొప్పలు తీసేసి వండితే ఈ విషాల బెడద చాలావరకు పోతుంది. కానీ నెత్తళ్ళను మనం తలా పొట్టా తీయకుండా ఎండబెట్టి, వేయించి తినేస్తాం. అందుకే మన తీరంలో పరీక్షించాల్సిన సరుకు జాబితా రాస్తే, గుల్లల వెనకాలే నెత్తళ్ళు, కవళ్ళు రాయాలంటాను.

ఐరోపా దారి ఖర్చుతో కూడినది. ఫ్రాన్స్ 1984 నుంచి తీరమంతటా నీటినీ చిప్పలనూ క్రమం తప్పకుండా పరీక్షిస్తోంది. మనకు దగ్గరి దారి ఫిలిప్పీన్స్‌ది. 1983లో సమార్ సముద్రంలో పైరోడీనియం అనే ఆల్గే విజృంభించింది. తర్వాతి ఇరవయ్యేళ్ళలో ఆ దేశంలో రెండు వేలకు పైగా జనం విషం బారిన పడ్డారు, వందకు పైగా చనిపోయారు. వాళ్ళు ఎక్కువగా తిన్నది పచ్చ ఆల్చిప్పలు. సరిగ్గా ఆ జాతే విశాఖ రాళ్ళ మీద కూడా పెరుగుతుంది. పేద దేశం, వేల దీవులు, ప్రయోగశాలలు తక్కువ. అయినా అక్కడి మత్స్యశాఖ ఎర్రనీటి ప్రకటన అనే పద్ధతిని నిలబెట్టింది. ఏ మండలంలో ఏ అఖాతంలో గుల్లలు, చిన్నరొయ్యలు తినకూడదో పేరు పేరునా చెబుతారు. చేపలు, పీతలు, పెద్దరొయ్యలు తాజావైతే, బాగా కడిగి మొప్పలూ పేగులూ తీసేస్తే తినవచ్చని అదే ప్రకటనలో రాస్తారు. ఈ రెండో మాట చాలా ముఖ్యం. అది లేకపోతే భయంతో మొత్తం చేపల బజారే పడుకుంటుంది. తర్వాతిసారి హెచ్చరిక ఇవ్వాలంటే అధికారులూ జంకుతారు, వినాలంటే మత్స్యకారులూ ఇష్టపడరు.

అలాస్కాలో మరో ఏర్పాటు ఉంది. అమ్మకానికి వెళ్ళే గుల్లలకే ప్రభుత్వ పరీక్ష. సొంత తిండికి ఏరుకునేవాళ్ళ సంగతి ఎవరూ చూడలేదు. అక్కడి ఆదివాసీ తెగలు కలిసి సిట్కాలో తమ ప్రయోగశాల తామే పెట్టుకున్నాయి. ఊరి వాళ్ళే నీళ్ళు పట్టి చూస్తారు, గుల్లలు పంపుతారు, ఫలితం ఊరికి తెలుస్తుంది. బటర్‌క్లామ్ అనే గుల్ల విషాన్ని రెండేళ్ళ దాకా దాచుకోగలదని తెలిసిన మనుషులు వాళ్ళు. సాక్సిటాక్సిన్ అన్న పేరు కూడా ఆ గుల్ల శాస్త్రనామం నుంచే వచ్చింది.

తినడం ఒక్కటే దారి కాదు, విషం ఊపిరితో కూడా వస్తుంది. ఫ్లోరిడాలో అలలు ఒడ్డున విరిగినప్పుడు కరేనియా కణాలు పగిలి, నురుగు బుడగలతో విషం గాలిలోకి లేస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్ళు అలాంటి రోజున గంటసేపు ఒడ్డున నడిస్తే ఊపిరితిత్తుల పనితనం తగ్గుతున్నట్టు కొలిచి చూపించారు. 2017 అక్టోబరులో మొదలైన ఎర్రనీరు 2019 తొలి నెలల దాకా సాగినప్పుడు ఆ రాష్ట్రం అత్యవసర పరిస్థితి ప్రకటించింది. 2005లో ఇటలీలోని జెనోవాలో ఆస్ట్రియాప్సిస్ అనే ఆల్గే వల్ల దాదాపు 200 మంది జ్వరం, దగ్గుతో వైద్యం కోరారు. వాళ్ళు ఏమీ తినలేదు, ఒడ్డున కూర్చున్నారంతే. మన దగ్గర 2004 సెప్టెంబరులో కొల్లం నుంచి విళింజం దాకా సముద్రం మీంచి కుళ్ళు వాసన వీచి, 200 మందికి పైగా వికారంతో, ఊపిరాడక ఇబ్బంది పడ్డారు. ఫ్లోరిడాలో ఇప్పుడు లైఫ్‌గార్డులు ఒడ్డున దగ్గు వినబడుతోందా, చచ్చిన చేపలున్నాయా అని చూసి నమోదు చేస్తారు. వాలంటీర్లు ఫోనుకు సూక్ష్మదర్శిని తగిలించి నీటి చుక్క వీడియో పంపుతారు. ఏ బీచికి వెళ్ళవచ్చో, ఏ బీచిలో గాలి పడదో కొన్ని గంటల ముందే చెప్పగలుగుతున్నారు. ఆర్కే బీచిలోనో సూర్యలంకలోనో లైఫ్‌గార్డు చేతిలో ఇలాంటి చిన్న పుస్తకం ఒకటి ఉంచడానికి పెద్ద ఖర్చు కాదు.

తాగే నీటికీ దీనితో చుట్టరికం ఉంది. 2008 ఆగస్టులో మొదలై మరుసటి ఏడాదిలోకి సాగిన కాక్లొడీనియం ఎర్రనీరు ఒమన్, ఎమిరేట్స్ తీరాలను కమ్మేసింది. చేపలు టన్నులకొద్దీ చచ్చాయి. ఉప్పునీటిని మంచినీరు చేసే ప్లాంట్ల వడపోత పొరలు జిగురుతో పూడుకుపోయి కొన్నిటిని ఆపేయాల్సి వచ్చింది. కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల నుంచి వెళ్ళి ఆ దేశాల్లో కూలి చేసుకునే మనవాళ్ళు తాగేది ఆ నీళ్ళే. చెన్నైకి మీంజూరు, నెమ్మేలి ప్లాంట్ల నుంచి వచ్చేవీ ఆ రకం నీళ్ళే.

ఇంతకీ ఈ బ్లూమ్‌లు పెరుగుతున్నాయా? ఈ ప్రశ్నకు రెండు పెద్ద పరిశోధనలు రెండు రకాలుగా జవాబిచ్చినట్టు కనిపిస్తాయి. టాస్మేనియాలో పనిచేసే గుస్తాఫ్ హాలెగ్రాఫ్ బృందం 1985 నుంచి 2018 దాకా నమోదైన 9,500 పైచిలుకు సంఘటనలను పరిశీలించి 2021లో తేల్చిందేమిటంటే, ప్రపంచమంతటా ఒకేలా పెరుగుతున్నాయన్నదానికి ఆధారం లేదు. కొన్నిచోట్ల పెరిగాయి, కొన్నిచోట్ల తగ్గాయి. ఎక్కువ చూస్తున్నాం, తీరంలో పెంపకాలు ఎక్కువయ్యాయి, అందుకే ఎక్కువ కనిపిస్తున్నాయి. 2023లో వచ్చిన ఉపగ్రహ అధ్యయనం మాత్రం 2003 నుంచి 2020 మధ్య తీరపు బ్లూమ్‌ల విస్తీర్ణం 13.2 శాతం, అవి వచ్చే తరచుదనం 59.2 శాతం పెరిగాయంది. రెండూ వేర్వేరు వస్తువులను కొలిచాయి. ఉపగ్రహం లెక్కపెట్టింది రంగును. హాలెగ్రాఫ్ లెక్కపెట్టింది మనుషులకూ చేపలకూ జరిగిన నష్టాన్ని. హాలెగ్రాఫ్ లెక్కకు ఇంకో షరతు ఉంది: నష్టాన్ని ఎవరో ఒకరు రాసిపెట్టి ఉండాలి. రాసిపెట్టే అలవాటు లేని తీరం ఆ పట్టికలో ప్రశాంతంగా కనిపిస్తుంది. మన తూర్పు తీరం ప్రశాంతంగా కనిపించడం చూసి నేను నిశ్చింతగా ఉండలేను.

కారణాల మాటకొస్తే మనిషి చేతిలో ఉన్నవీ ఉన్నాయి, లేనివీ ఉన్నాయి. జపాన్‌లోని సెటో లోపలి సముద్రంలో 1976లో ఒక్క ఏడాదే 299 ఎర్రనీటి సంఘటనలు జరిగాయి. అప్పటికే తెచ్చిన చట్టంతో కార్ఖానాల, ఊళ్ళ మురుగును అదుపు చేస్తే తర్వాతి దశాబ్దాల్లో ఆ సంఖ్య మూడో వంతుకు దిగింది. ఇప్పుడక్కడ పోషకాలు మరీ తగ్గి, తినే సముద్రపు నాచు పాలిపోతోందని రైతులు మొత్తుకునే దాకా వచ్చింది. ఫ్లోరిడాలో కరేనియా ఒడ్డుకి దూరంగా పుట్టి కొట్టుకొస్తుంది, పుట్టుకను ఆపడం ఎవరి తరమూ కాదు. 2015లో పసిఫిక్ వేడెక్కినప్పుడు అమెరికా పడమటి తీరం పొడవునా డొమోయిక్ ఆమ్లం వ్యాపించి పీతల వేట నెలల తరబడి ఆగింది. మన దగ్గర విశాఖ మురుగు, డెల్టా ఎరువులు, రొయ్యల చెరువుల నుంచి కాలువల్లోకి వదిలే నీళ్ళు మన చేతిలో ఉన్న భాగం. దాన్ని అదుపు చేయడం ఎలాగూ చేయాల్సిన పనే. కానీ ఆ ఫలితం వచ్చేదాకా జనాన్ని కాపాడేది కాపలా మాత్రమే.

ఆ కాపలాకు కావలసిన ముక్కలు మన దగ్గర చాలావరకు ఉన్నాయి, విడివిడిగా. చేపలు ఎక్కడ దొరుకుతాయో ఇన్‌కాయిస్ మత్స్యకారులకు తెలుగులో రోజూ చెబుతోంది. ఆ సలహాకు ఆధారం నీటి వేడి, పత్రహరితం. బ్లూమ్‌ను పట్టేదీ అదే సమాచారంతో. అలల హెచ్చరికలు రేవుల్లోని బోర్డుల మీదికీ ఫోన్లలోకీ వస్తూనే ఉన్నాయి. అదే తీగ మీద ఒక గుల్లల కబురు కూడా నడవగలదు. ఎగుమతి సరుకుకు పరీక్షలు ఉన్నాయి, ఐరోపా అడుగుతుంది కాబట్టి. కొల్లం దగ్గర అష్టముడి సరస్సులో గుల్లల వేటకు 2014లో అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. అంటే క్రమశిక్షణగా గుల్లలు తీయడం మనవాళ్ళకు చేతకాని పని కాదు. విదేశీయుడి పళ్ళెంలోకి వెళ్ళే గుల్లకు ఉన్న భద్రత, పోటు తగ్గినప్పుడు రాళ్ళ మీద కొడవలితో చిప్పలు కోసుకునే ఆడమనిషి ఇంటి గిన్నెకు లేదు. కాకినాడ అఖాతంలో గుల్లలు తీసి, కండను అమ్మి, పెంకులు సున్నం బట్టీలకు పంపే కుటుంబాల గిన్నెకూ లేదు. పర్యవేక్షణ అక్కడి నుంచే మొదలు కావాలని నా గట్టి నమ్మకం. భీమిలి, విశాఖ, కాకినాడ, నిజాంపట్నం లాంటి కొన్ని చోట్ల నెలకు రెండుసార్లు చిప్పలు, నీళ్ళు తెచ్చి, ఏదో ఒక విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో చూడటం. రంగు మారినట్టు ఉపగ్రహం చెప్పినా, చేపలు చచ్చాయని రేవులో ఎవరు చెప్పినా వారానికి రెండుసార్లు చూడటం. ఇది జిల్లా స్థాయిలో మోయగలిగిన ఖర్చు.

ఆఖరి కొస ఆస్పత్రిలో ఉంది. అమెరికాలో 2016 నుంచి ఆల్గే వల్ల జబ్బుపడిన మనుషుల, పశువుల, పక్షుల లెక్కలు ఒకే పుస్తకంలోకి వెళ్తున్నాయి. కుక్కకి ముందు వచ్చిన జబ్బు మర్నాడు పిల్లవాడికి రావచ్చన్న ఎరుకతో చేసిన ఏర్పాటు అది. మన దగ్గర 2004 నుంచి వ్యాధుల నిఘా వ్యవస్థ ఉంది. పదిమంది ఒకేసారి వాంతులతో వస్తే ఆహారం విషమైందని రాస్తారు. తీరపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు ఇంకో రెండు ప్రశ్నలు అడగాలి. గుల్లలు గానీ చిప్పలు గానీ తిన్నారా? పెదాలు చిమచిమలాడుతున్నాయా? రెండింటికీ అవునంటే అది మామూలు వాంతుల కేసు కాదు. కట్లపాము కాటులో లాగే ఇక్కడ కూడా ఊపిరే ముందు ఆగుతుంది కాబట్టి, చేత్తో ఊపిరి కొట్టే అంబు సంచి పట్టుకుని ఒకరు రోగి పక్కనే ఉండాలి, వెంటిలేటరున్న పెద్దాస్పత్రికి 108 బయల్దేరాలి. ఇంకో మనిషి రోగి ఇంటికి వెళ్ళాలి. గిన్నెలో మిగిలిన కూరను పారబోయనివ్వకుండా, పెంట మీద పడేసిన పెంకుల్లో కండ మిగిలినవాటిని ఏరి, సంచిలో వేసి, ఐసు పెట్టెలో పెట్టి, మీద ఊరి పేరు, చిప్పలు తెచ్చిన రాయి గుర్తు, తెచ్చిన పూట రాసి పంపాలి. విళింజంలో ఏడుగురి తర్వాత తెలిసిన సంగతి ఆ ఐసు పెట్టె వల్ల మొదటి మనిషి దగ్గరే తెలుస్తుంది. ఆ సాయంత్రం ఆటుకే రాళ్ళ మీదికి దిగబోయేవాళ్ళను ఆపడానికి ఇంకా వేళ ఉంటుంది.